నల్లబడిందా, చచ్చిపోయిందా

కవాక్లి గ్రామం, తోర్తుమ్ లోయ
2008 నవంబర్ 15

బెర్రిన్ తల్లీ, ముందుగా నీ రెండు కళ్ళకూ మీ మామయ్య ముద్దులు.

మెడికల్ కాలేజీ జంతుశాల నుంచి రిటైరై పదిహేను రోజులైంది. సన్మానం రోజున మీరంతా కలిసి ఇచ్చిన గడియారాన్ని గోడకు తగిలించాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు టైముకు వచ్చినవాడికి ఇక టైముతో పనిలేదని తేలిన రోజున గడియారం చేతిలో పెట్టడం ఎవరి ఆలోచనో గాని, మంచి హాస్యప్రియుడై ఉంటాడు.

నువ్వు ఫోన్ చేశావని మీ అత్తయ్య రిసీవరు తెచ్చి నా చెవికి పెట్టింది. బోనులో ఎలుక కాగితం కొరుకుతున్న చప్పుడు వినిపించింది, అంతే. కాబట్టి ఉత్తరాలే రాయి. మినీబస్సు ఎక్రెమ్ వారానికి రెండుసార్లు ఎర్జురుమ్ వచ్చి పోతుంటాడు. వాడికి ఇస్తే చాలు. నేను చదివి మీ అత్తయ్యకు వినిపిస్తాను.

నా చదువు సంగతి నీకు తెలుసు. మూడో తరగతి బడిలో, మిగతాది ఎలుకల బోనుల కింద. అడుగున పరచడానికి పాత థీసిస్‌లు పంపేవారు కదా, పరిచే ముందు చదివేవాణ్ని. చిక్కేమిటంటే చివరి పేజీలు ఎప్పుడూ తడిసిపోయి ఉండేవి. అందుకే ఈ లోకంలో ప్రతి సంగతికీ మొదలు నాకు తెలుసు, ముగింపు తెలియదు.

ఆ ముగింపు కోసమే ఈ ఉత్తరం. నా చేతుల మీదుగా వెళ్ళిన ఆఖరి ఇరవై నాలుగు ఎలుకలూ నీవే. ఆడవి, తెల్లవి, ఒక్కటి కూడా నన్ను కరవలేదు. వాటి అండాశయాల ముక్కల్ని అద్దాల కింద పెట్టి చూశారా? ఏం తేలింది? మీ అత్తయ్య రోజూ అడుగుతోంది. ఎలుకల గురించి ఆవిడ ఇంతగా అడగడం నా సర్వీసులో చూడలేదు.

నీ మామయ్య,
ముహ్లిస్

ఎర్జురుమ్
2008 నవంబర్ 30

మామయ్యా, మీ చేతులు కళ్ళకద్దుకుంటున్నాను. అత్తయ్యవి కూడా.

తేలింది. తేలకూడనిది తేలింది.

ఇరవై నాలుగింటిని మూడు గుంపులు చేశామని గుర్తుంది కదా. మొదటి గుంపుకు ఊరికే పొట్ట తెరిచి మూశాం. రెండో గుంపుకు అండాశయాన్ని మెలితిప్పి, క్లిప్పు పెట్టి మూడు గంటలు నెత్తురు ఆపి, తర్వాత విప్పేశాం, మందు లేదు. మూడోదానికీ అంతే చేసి, విప్పడానికి అరగంట ముందు మందు సూది వేశాం. రెండో గుంపు పాడై ఉండాలి, మూడోది బాగుండాలి. నా థీసిస్ మొత్తం ఈ తేడా మీద నిలబడింది.

తేడా లేదు మామయ్యా. రెండో గుంపు మూడోదానంత బాగుంది. ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకుండా చూసే పెద్దాయన, లెక్కలు ఇచ్చేసి, "డాక్టరమ్మా, ఇందులో చెడగొట్టినవి ఏవి?" అని అడిగారు. నేల చీలితే దూరిపోదామనిపించింది.

మా గైడు ప్రొఫెసరమ్మ ఒకటే మాట అంటున్నారు. "నీ క్లిప్పు సరిగా పట్టి ఉండదు, లేదా నీ మందు దండగ. రెంటిలో ఏదో నువ్వే తేల్చుకో." జూన్‌లో బోర్డు ముందు కూర్చోవాలి. థీసిస్ లేకపోతే స్పెషలిస్టును కాలేను. నాలుగేళ్ళ పని.

ఆ వారంలో జంతుశాలలో ఏమైనా జరిగిందా? కరెంటు పోయిందా, మేత మారిందా? రిజిస్టరు చూశాను. ప్రతి రోజూ మీ చేతిరాతే, "గుళికలు, నీళ్ళు" అని. మీ కన్ను తప్పించుకుని అక్కడ ఈగ కూడా వాలదు. అందుకే అడుగుతున్నాను.

(మందు పేరు ఉత్తరంలో రాయను. రాస్తే సోమవారానికల్లా ఊళ్ళో అందరి చేతా మింగిస్తారు మీరు.)

బెర్రిన్

కవాక్లి
2008 డిసెంబర్ 14

బెర్రిన్ తల్లీ,

బక్రీదు బాగా జరిగింది. పొట్టేలు మంచిదే దొరికింది. ఎప్పటిలాగే నీళ్ళు పట్టి, నోట్లో చక్కెర పెట్టి, కత్తి దానికి కనబడకుండా వెనక దాచి తీసుకెళ్ళాను. కోసేవాడు, "ముహ్లిస్ చాచా, పొట్టేలుకు పెళ్ళి చేస్తున్నావా, త్వరగా తీసుకురా" అని అరిచాడు. కనీసం ఆ పాటి మర్యాదైనా చేయకపోతే ఎలా?

నువ్వు అడిగినదానికి. కరెంటు పోలేదు. బక్రీదు ముందు మేత బస్తాలు మారాయేమో గాని, నీ ఎలుకల నాటికి పాత బస్తాలే. ఆ గదిలో వేడి ఇరవై రెండు డిగ్రీలు దాటలేదు, తగ్గలేదు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టే.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది, నువ్వు చెప్పాలి. నెత్తురు ఆగితే చెడుతుంది, సరే. నెత్తురు తిరిగొస్తే చెడేదేమిటి? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గదిలో ఉన్నాను, బోను కింద కాగితాల్లో ఆ ముక్క పదిసార్లు చదివాను, ప్రతిసారీ తర్వాతి పేజీ తడిసే ఉండేది.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. మెలితిప్పే చోట కాస్త దాటేసి చదివాను. పసిగట్టేసింది. "ఏమయ్యా, కాగితం మీద కళ్ళు రెండు వరసలు కిందికి దూకాయేం? ఆ దూకినది చదువు" అంది. చదివాను. విని, "నల్లబడితే చచ్చినట్టేనా, అడుగు దాన్ని" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట రొట్టెలు మాడ్చింది. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో మాడిన రొట్టె అదే మొదటిది.

ముహ్లిస్

ఎర్జురుమ్
2008 డిసెంబర్ 27

మామయ్యా,

ఆ తడిసిన పేజీలో ఏముందో చెబుతాను.

మత్తులో ఉన్న ఎలుక పొట్ట అంగుళమంత తెరుస్తాను. అండాశయం కందిగింజకు కాస్త పెద్దది, లేత గులాబీరంగు, పట్టు సంచిలో పెట్టినట్టుంటుంది. దాన్ని తొడిమ మీద ఒక చుట్టు తిప్పి క్లిప్పు పెడతాను. ముందు నీలంగా మారుతుంది. తర్వాత మన నల్ల మల్బరీ పండులా. మూడు గంటలకు దాన్ని చూసినవాళ్ళెవరైనా ఇక అయిపోయిందనే అంటారు.

అప్పుడు క్లిప్పు తీస్తాను. ఊపిరి బిగబట్టి చూస్తాను, పదహారోసారి కూడా అలాగే చూశాను. తొడిమ దగ్గర ఒక ఎర్రటి గీత. అది వెంట్రుకంత సన్నగా పాకి, రెండుగా చీలి, నాలుగై, నలుపులోకి దారులు చేసుకుంటూ వెళుతుంది. మామయ్యా, నేను ఎన్నో కాన్పులు చేశాను. ఒక బిడ్డ మొదటిసారి ఏడ్చినప్పుడు ఒంట్లో ఏదో జలదరిస్తుంది చూడండి, అదే జలదరింపు, ఇక్కడ చప్పుడు లేకుండా.

చెరుపంతా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. మూడు గంటలు ఆకలితో మాడిన కణాలకు ఒక్కసారిగా ప్రాణవాయువు దొరుకుతుంది. దాన్ని అరిగించుకునే శక్తి వాటికి పోయింది. అది లోపల నిప్పురవ్వలై కణాల గోడల్నే కాలుస్తుంది. ఆకలి చేసిన నష్టం మీద విందు చేసే నష్టం అది. నా మందు పని ఆ రవ్వల్ని ఆర్పడం. ఆర్పుతుందనే నాకు ఇప్పటికీ నమ్మకం. కాని రెండో గుంపులో రవ్వలే లేవు! ఎవరో ముందే వచ్చి నీళ్ళు చల్లి వెళ్ళినట్టు.

క్లిప్పులన్నీ పరీక్షించాను. గట్టివే. మిగిలినది ఒక్కటే: మందు దండగ అని రాసి ఒప్పేసుకోవడం. ప్రొఫెసరమ్మ అదే చేయమంటున్నారు. అలా రాస్తే థీసిస్ గట్టెక్కుతుంది. కాని ఆ ఒక్క వాక్యం చదివాక ఇంకెవరూ ఆ మందు జోలికి పోరు.

అత్తయ్య ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఇదంతా. ఆవిడ ఎందుకు అడిగారు?

బెర్రిన్

కవాక్లి
2009 జనవరి 9

తల్లీ,

మంచు కిటికీ సగం దాకా వచ్చింది. ఎక్రెమ్ వారానికి ఒక్కసారే వెళుతున్నాడు, అదీ నాలుగు చక్రాలకూ గొలుసులు కట్టి.

నీ పేజీ చదివి గడియారం కింద అరగంట కదలకుండా కూర్చున్నాను. ఎందుకంటే ఈ సంగతి నాకు అయిదో ఏటి నుంచీ తెలుసు, తెలుసని తెలియదు. మా నాన్న ఒకసారి గొర్రెల కోసం వెళ్ళి మంచులో దారి తప్పాడు. తిరిగొచ్చేసరికి చేతులు కొయ్యలు. ఇంట్లో పొయ్యి భగభగలాడుతోంది. మా నాయనమ్మ గడపకు అడ్డంగా నిలబడి ఆయన్ని లోపలికి రానివ్వలేదు. "పొయ్యి దగ్గరికెళ్తే నీ వేళ్ళు అది తినేస్తుందిరా" అని తిట్టి, గుమ్మం బయటే కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళు, తర్వాత కాస్త తక్కువ చల్లటి నీళ్ళు, అలా గంటసేపు చేతులు ముంచి తీసింది. ఆయనతో పాటు వచ్చిన పక్కింటివాడు నేరుగా పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. మా నాయనమ్మకు నీ థీసిస్ మొత్తం తెలుసన్నమాట. సంతకం పెట్టడం రాక స్పెషలిస్టు కాలేదు.

మీ అత్తయ్య ఎందుకు అడిగిందంటావా? మీ అమ్మక్కూడా చెప్పని సంగతి. రాస్తున్నానని ఆవిడకు తెలుసు. "రాసుకో, దానికి పనికొస్తుందేమో" అంది.

1968 ఫిబ్రవరి. మీ అత్తయ్య నాజియెకు పందొమ్మిదేళ్ళు, పెళ్ళై ఏడాది. కుడివైపు పొట్టలో నొప్పి. మంచు మీద జారే ఎద్దుల స్లెడ్జి మీద పెద్ద రోడ్డు దాకా, అక్కణ్నుంచి లారీలో, మొత్తం రెండు రోజులు. ఆస్పత్రిలో కోసి చూశారు. అండాశయం మెలిపడి నల్లబడిందన్నారు, తీసేశారు. ఇంకొకటి ఉందిగా, పిల్లలు పుడతారన్నారు. రెండేళ్ళు తిరగలేదు, ఎడమవైపు అదే నొప్పి, అదే స్లెడ్జి, అదే నలుపు. అదీ తీసేశారు. డాక్టరు మంచివాడే. విప్పితే విషం ఒళ్ళంతా పాకుతుందని ఆ రోజుల్లో అందరికీ భయం. నలుపు కనబడితే కోసెయ్యడమే.

మత్తు దిగాక నాజియె ఆయన్ని ఒకటే అడిగింది. "డాక్టరుగారూ, నల్లబడిందా, చచ్చిపోయిందా?"

"రెండూ ఒకటేనమ్మా" అన్నాడాయన.

ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ మాట ఎత్తలేదు. నీ ప్రయోగం ఏమిటో నేను ఇంట్లో చెప్పిన రోజు వరకూ.

ఇంకా ఒకటి రాయాలనుకున్నాను. సిరా అయిపోవచ్చింది.

ముహ్లిస్

ఎర్జురుమ్
2009 జనవరి 21

మామయ్యా,

మీ ఉత్తరం డ్యూటీ గదిలో రెండుసార్లు చదివాను. పిల్లల్లేరని మాత్రమే తెలుసు మాకు. చిన్నప్పుడు అత్తయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసేటప్పుడు, వేసిన జడ విప్పి మళ్ళీ వేసేది, ఎందుకలా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మేం నల్లబడినా కోసెయ్యం. విప్పి, వేచి చూస్తాం. చాలాసార్లు తిరిగి పనిచేస్తున్నాయి. ఎన్ని, ఎంత, ఎందుకు అన్నది ఇంకా పూర్తిగా తెలియదు. విప్పాక జరిగే చెరుపును ఆపే మందు మనుషుల కోసం ఇంతవరకూ లేదు. నాది ఎలుకల దాకా వచ్చిన ఒక ప్రయత్నం. అదీ ఇప్పుడు పోయింది.

ఓపిక అయిపోయింది మామయ్యా. "ఈ మందు వల్ల ప్రయోజనం కనబడలేదు" అని రాసేశాను. ముప్పయ్యో తేదీన సంతకం. అత్తయ్యకు చెప్పండి, జవాబు తేలేకపోయానని.

బెర్రిన్

కవాక్లి
2009 జనవరి 24

బెర్రిన్,

సంతకం పెట్టకు. ఈ ఉత్తరం ఎక్రెమ్ నీ చేతికే ఇస్తాడు, ఇంకెవరికీ ఇవ్వొద్దని ఒట్టు వేయించాను.

మీ అత్తయ్య నా పక్కనే నిలబడి ఉంది. నీ ఉత్తరం చదివి ముగించగానే అంది:

"ఎప్పుడు చెప్తావ్ దానికి?"

"ఏం చెప్పాలి?"

"నాతో ఆడకు ముసలోడా. సీసా సంగతి."

"కాస్త గుజ్జే కదే. దానివల్ల ఏమవుతుంది?"

"ఏమీ కాకపోతే ఇన్ని ఉత్తరాల్లో ఎందుకు దాచావ్? రాయి. నువ్వు రాయకపోతే నేనే ఎక్రెమ్ బండెక్కి పోయి చెప్తాను, నాకు చదువు రాకపోయినా నోరుంది."

రాస్తున్నాను.

నువ్వు చిన్నప్పటి నుంచీ చూశావు, బలికి ముందు జంతువుకు నీళ్ళు పట్టనిదే మనవాళ్ళు కత్తి ముట్టరు. జంతుశాలలో చేరిన మొదటి వారమే, ప్రయోగానికి తీసుకెళ్ళే ఎలుకను చూస్తే అదే గుర్తొచ్చింది. బల్ల మీదికి పంపే ముందు అరచేతిలో రెండు చుక్కల నీళ్ళు పట్టేవాణ్ని. నీళ్ళే. ముప్ఫై ఒక్క ఏళ్ళూ నీళ్ళే.

నీ ఎలుకల విషయం ఇంట్లో చెప్పాను. ఆడ ఎలుకలనీ, వాటి అండాశయాలు మెలితిప్పుతారనీ. నాజియె ఆ పాత ప్రశ్నే మళ్ళీ అడిగింది. మర్నాడు మధ్యాహ్నం డబ్బాలో అన్నంతో పాటు ఒక సీసా పెట్టింది. అడవిగులాబీ కాయల గుజ్జు, కిందటి శరత్తులో కాచినది. "వాటికి పెట్టు. నీళ్ళు చాలవు ఈసారి" అంది.

ఏడు రోజులు పెట్టాను. సాయంత్రం వెళ్ళబోయే ముందు వేలికి రాసుకుని బోను చువ్వల మధ్య పెడితే వచ్చి నాకేవి. ఇరవై నాలుగూ. మూడు గుంపులూ. రిజిస్టరులో "గుళికలు, నీళ్ళు" అని రాసి సంతకం పెట్టాను.

నువ్వు మొదటి ఉత్తరంలో అడిగిన క్షణమే నాకు ఆ సీసా గుర్తొచ్చింది. దాచాను. అది నా జీవితంలో చివరి పనిదినాల్లో చేసిన పని, తప్పని ఒప్పుకుంటే ముప్ఫై ఒక్క ఏళ్ళూ తప్పైపోతాయనిపించింది.

ముహ్లిస్

ఎర్జురుమ్
2009 జనవరి 26

గౌరవనీయులైన ముహ్లిస్ గారికి,

సంతకం పెట్టలేదు.

కింది వాటికి జవాబు రాయండి. ఒక్కో ఎలుకకు ఎంత గుజ్జు? చక్కెర వేసి కాచారా, తేనెతోనా? ప్రయోగం రోజు ఉదయం కూడా పెట్టారా? ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంకెప్పుడైనా నీళ్ళు కాక మరేమైనా పెట్టారా? ఈ చివరిదానికి ప్రమాణం చేసి రాయండి, ఎందుకంటే ఆ గదిలోంచి వచ్చిన ప్రతి థీసిస్ మీదా ఇప్పుడు నాకు అనుమానం.

ప్రయోగం మొదటి నుంచీ మళ్ళీ చేయాలి. ఈసారి నాలుగు గుంపులు, ముప్ఫై రెండు ఎలుకలు. ఆ మొదటి ఇరవై నాలుగూ ఊరికే చచ్చిపోయాయి మామయ్యా. మీరు వాటి మీద జాలి పడ్డారు. ఆ జాలికి ఇంకో ముప్ఫై రెండు పోతాయి. ఇది మీకు తెలియాలి.

డా. బెర్రిన్

కవాక్లి
2009 ఫిబ్రవరి 2

తల్లీ,

వేలి కొనకు పట్టినంత. మినపగింజంత అనుకో. చక్కెర వేయలేదు, నాజియె ఎప్పుడూ వేయదు, ఆ పులుపే దాని రుచి అంటుంది. ప్రయోగం రోజు ఉదయం కూడా పెట్టాను. ఇంకెప్పుడూ, ఏ ఎలుకకూ, నీళ్ళు తప్ప మరొకటి పెట్టలేదు. రొట్టె మీద చెయ్యి వేసి రాస్తున్నాను.

ముప్ఫై రెండు. ఆ అంకె ఉన్న వరస మీ అత్తయ్యకు చదవకుండా దాటెయ్యాలనుకున్నాను. దాటెయ్యలేదు. విని, తలగుడ్డ కొస కళ్ళకు పెట్టుకుంది.

నాలుగో గుంపు ఏమిటి?

ముహ్లిస్

ఎర్జురుమ్
2009 మార్చి 28

మామయ్యా, మీ చేతులు కళ్ళకద్దుకుంటున్నాను. కిందటి ఉత్తరం పరాయివాళ్ళకు రాసినట్టు రాశాను, క్షమించండి.

జంతు ప్రయోగాల కమిటీ ఒప్పుకుంది. జరిగినదంతా, సీసాతో సహా, వాళ్ళ ముందు పెట్టాను. మీకు శిక్ష పడుతుందేమోనని భయపడ్డాను. కమిటీ పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "బలికి ముందు నీళ్ళా?" అన్నారు. "అవునండీ" అన్నాను. "మా నాన్న కూడా అంతే" అని, మళ్ళీ మొహం గంభీరంగా పెట్టుకుని మందలింపు చీటీ రాసిచ్చారు. ఆ చీటీ మీకు పంపుతున్నాను. గడియారం పక్కన తగిలించుకోండి.

నాలుగో గుంపు అడిగారు కదా. మందు లేకుండా, అత్తయ్య గుజ్జు మాత్రమే. ప్రొఫెసరమ్మే పెట్టమన్నారు. మొదట నన్ను కేకలేశారు. తర్వాత కిటికీ దగ్గర నిలబడి, "అయితే రెండో గుంపులో రవ్వల్ని ఆర్పింది ఆ ముసలమ్మ సీసా అంటావా?" అన్నారు. తెలియదన్నాను. "తెలియనప్పుడు తెలుసుకోవాలి కదా మరి" అన్నారు.

ఇక అసలు సంగతి. మీ స్థానంలో వచ్చినావిడ ఎలుకను పట్టుకోవాలంటే రెండు జతల గ్లౌజులు వేసుకుని బిస్మిల్లా చెప్పి కళ్ళు మూసుకుంటుంది. బెదిరిన ఎలుకలతో నా లెక్కలు మళ్ళీ చెడతాయి. మూడు వారాలు రండి. గుళికలు, నీళ్ళు. గుజ్జు తూచి నేనే పెడతాను, నాలుగో గుంపుకు మాత్రమే. రాగలరా?

బెర్రిన్

కవాక్లి
2009 మే 5

తల్లీ,

నీ దగ్గర మూడు వారాల పని ముగించుకుని క్షేమంగా ఊరు చేరాం. మల్బరీలు పూతకొచ్చాయి.

నీ ఎదుట చెప్పలేకపోయినది రాస్తున్నాను. ఈసారి అరచేతిలో నీళ్ళు పట్టేటప్పుడు ఒక్కొక్కదానికీ చెప్పాను, నువ్వు నా వల్ల వచ్చావు ఇక్కడికి అని. ముప్ఫై రెండుసార్లు చెప్పాను. ఒకటి నీళ్ళు తాగి, నా వేలు కూడా వాసన చూసింది, ఇంకేమైనా ఉందా అన్నట్టు. ఏమీ లేదమ్మా అన్నాను. అది వెళ్ళిపోయాక గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాను. రిజిస్టరులో అది రాయలేదు. రాయాలంటావా?

క్లిప్పు తీసేటప్పుడు చూడమని ఒక్కసారి పిలిచావు కదా. ఆ ఎర్ర గీత. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గోడకు ఇవతల ఉన్నాను. అవతల ఇది జరుగుతోందని ఎవరూ చెప్పలేదు. నా తడిసిన పేజీలన్నీ ఆరిపోయాయి.

ముహ్లిస్

ఎర్జురుమ్
2009 జూన్ 19

మామయ్యా,

నిన్న బోర్డు ముందు మీరిద్దరూ మొదటి వరసలోనే కూర్చున్నారు. మీరు గట్టిగా "ఏమన్నాడు?" అని అత్తయ్యను అడిగిన ప్రతిసారీ బోర్డు పెద్దలు ఆగి మళ్ళీ చెప్పారు. అందువల్లే పాసయ్యానేమో.

హడావిడిలో మీకు సరిగా చెప్పలేదు. మందులేని గుంపు పాడైంది, పాడవ్వాల్సినంతా. మందు ఇచ్చిన గుంపు నిలబడింది. గుజ్జు గుంపు రెంటికీ మధ్య, మందు వైపుకే కాస్త ఒరిగింది. ఎనిమిది ఎలుకలతో గట్టిగా ఏమీ చెప్పకూడదు, చెప్పలేదు. అది ఇంకెవరి థీసిస్సో.

కాని ఒక్కటి నన్ను తినేస్తోంది. సాయంత్రం అత్తయ్యను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాను. మూడో గుంపు స్లైడు పెట్టాను. ఇది మల్బరీలా నల్లబడినదే అత్తయ్యా, తర్వాత నెత్తురు తిరిగొచ్చింది, ఈ గుండ్రటివి అండాల గూళ్ళు, బతికినవి, అని చెప్పాను. మీవి బతికేవో లేదో నేను చెప్పలేను, నలుపూ చావూ ఒకటి కావని మాత్రం చెప్పగలను అన్నాను. ఆవిడ కన్ను తీయలేదు. పావుగంట. తర్వాత లేచి, తలగుడ్డ సర్దుకుని, ఒక్క మాట లేకుండా బయటికి నడిచారు. పొద్దున బస్సెక్కేటప్పుడు కూడా మాట్లాడలేదు.

చూపించకుండా ఉండాల్సిందా? నేనూ ఆ నాటి డాక్టరు లాగే ఏదో కోసేశానా?

బెర్రిన్

కవాక్లి
2009 జూన్ 27

స్పెషలిస్టు డాక్టరు బెర్రిన్ గారి రెండు కళ్ళకూ ముద్దులు.

ఎర్జురుమ్ నుంచి బస్సు బయల్దేరింది మొదలు జలపాతం మలుపు దాకా ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నాకూ నీ భయమే. మలుపు దగ్గర నా చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"పధ్నాలుగు" అంది.

"ఏమిటి పధ్నాలుగు?"

"అద్దంలో. లెక్కపెట్టాను. గుండ్రంగా, మధ్యలో చుక్క పెట్టినట్టు. పధ్నాలుగు ఉన్నాయి."

"నల్లబడ్డాక కూడానా?"

"నల్లబడ్డాకేనయ్యా! వినలేదా అది చెప్పింది? నువ్వేం వింటావులే, చెవిటోడివి." వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకుంది. తర్వాత, "పధ్నాలుగు మంది. పొద్దున్నే లేచి అందరికీ రొట్టె, జున్ను, టీ. బడికి జడలు. నా నడుము విరిగిపోయేది ముహ్లిస్" అంది.

అని నవ్వింది. ఎక్రెమ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, అయినా నవ్వుతోంది. రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో నాకు తెలియదు. ఈ చెవిటి చెవులకు కూడా ఆ నవ్వు స్పష్టంగా వినబడింది.

నువ్వేమీ కోసెయ్యలేదు తల్లీ. ఆ మాట రాయమని చెప్పింది, రాశాను.

ఉత్తరంతో పాటు ఒక సీసా పంపుతోంది. ఇది నువ్వు తినడానికి. రిజిస్టరులో రాసుకో.

ఇంకొకటి. నిన్నటి నుంచీ అడగమంటోంది. ఆ పధ్నాలుగు కాక, అంచున పదిహేనోది ఒకటి ఉందట, సగమే కనబడిందట, స్లైడు అక్కడితో తెగిపోయిందట. సందేహం కొద్దీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదట. అది కూడా బతికినదేనా?

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే ప్రశ్నను పట్టుకుని కూర్చున్న మనిషి అడుగుతున్న రెండో ప్రశ్న ఇది. ఆ స్లైడు తీసి మళ్ళీ చూసి రాయి. జవాబు ఏదైనా సరే, ఒక్క వరస కూడా దాటకుండా చదివి వినిపిస్తాను.

ముహ్లిస్